చీటీ మూలన పేజీ నంబరు

చిట్టితల్లీ,

తేనెటీగల నాట్యం మీద స్కూల్లో వ్యాసం రాయాలని, నాలుగు పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నావని మీ అమ్మ చెప్పింది. పెన్ను పట్టకముందే నీ ప్రశ్న ఒక్క వాక్యంలో రాసి ఎదురుగా పెట్టుకో. ‘తేనెటీగలు’ అన్నది ప్రశ్న కాదు. ‘ఆహారం ఎక్కడుందో ఒక ఈగ మిగతా వాటికి ఎలా చెబుతుంది?’ అన్నది ప్రశ్న. అది లేకపోతే ప్రతి పేరా ముఖ్యమైనదిగానే తోచి పుస్తకమంతా దించేస్తావు.

నోట్‌బుక్ వద్దు, విడి చీటీలు తీసుకో. చీటీకి ఒక్క సంగతి, ఒక వైపే. నోట్‌బుక్‌లో అన్నీ చదివిన వరసలోనే ఉండిపోతాయి. వ్యాసానికి కావలసిన వరస వేరు.

ముందుగా ఒక కాగితం మీద పుస్తకాలకు నంబర్లు వేసి రచయిత, పేరు, ప్రచురణకర్త, సంవత్సరం పూర్తిగా రాసుకో. వెబ్‌సైటైతే చిరునామా, చూసిన తేదీ. అప్పుడు చీటీ మూలన ‘2, పే. 47’ అంటే చాలు. ఆ తర్వాతే సంగతి. ఇలా:

‘దిశ. తేనెపట్టు నిలువుగా ఉంటుంది. ఈగ ఊగుతూ నేరుగా పైకి నడిస్తే ఆహారం సూర్యుడి వైపు ఉన్నట్టు. నిలువుకు 40 డిగ్రీలు కుడికి ఒరిగితే సూర్యుడికి 40 డిగ్రీలు కుడివైపున.’

దాని కింద వేరే రంగులో నీ ఆలోచన: ‘మరి మబ్బు పట్టిన రోజున?’

ఈ రంగు తేడా దగ్గర మాత్రం అశ్రద్ధ చెయ్యకమ్మా. కాలేజీలో ఉండగా ఒక పుస్తకంలోని నాలుగు వాక్యాలు నచ్చి, కొటేషన్ గుర్తులు పెట్టకుండా ఎత్తిరాసుకున్నాను. రెండు నెలల తర్వాత అవి నా మాటలేననుకుని వ్యాసంలో పెట్టేశాను. ‘ఇవి ఎవరి వాక్యాలు?’ అని మాస్టారు అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు. అందుకే పేరా చదివి, పుస్తకం మూసి, నీ మాటల్లో రాయి. మళ్లీ తెరిచి సరిచూసుకో. రచయిత మాటే కావాలంటే గుర్తుల మధ్య, అక్షరం మారకుండా రాయి.

సగం సంగతి కూడా రాసుకోవద్దు. ఈ నాట్యం అర్థాన్ని విప్పిన కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ వచ్చింది. కానీ ఆ బహుమతి ముగ్గురికి కలిపి ఇచ్చారు. అది చీటీలోకి ఎక్కకపోతే, రేపు నీ వ్యాసం ఆయన ఒక్కరికే ఇచ్చినట్టు చెబుతుంది.

చీటీలన్నీ ఒకే పెట్టెలో ఉంచు, రోజూ ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకో. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ నిఘంటువు పాఠకులు పంపిన లక్షల చీటీల మీద తయారైంది. ‘బాండ్‌మెయిడ్’ అనే మాట చీటీలు ఎక్కడో తప్పిపోయి, ఆ మాట లేకుండానే మొదటి కూర్పు అచ్చయింది. అంత జాగ్రత్తపరుల దగ్గరే అలా జరిగింది.

చదవడం అయ్యాక చీటీలు నేల మీద పరిచి, సంగతిని బట్టి కుప్పలు వెయ్యి. ఒకే చీటీ ఉన్న కుప్ప కనిపిస్తే అక్కడ ఇంకా చదవాలి. చీటీలన్నీ ఒకే పుస్తకంవైతే రెండో పుస్తకం వెతకాలి. ఏ కుప్పలోనూ ఇమడని చీటీని, ఎంత ముచ్చటగా ఉన్నా, పక్కన పెట్టెయ్యి.

మబ్బు రోజు సంగతి దొరికిన రాత్రే నాకు ఫోన్ చెయ్యి. ఏ పుస్తకం, ఎన్నో పేజీ అని అడుగుతాను.

మీ పెదనాన్న