అడగండి, చెబుతాను

ప్రశ్న: 1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు తాగాడని అమ్మ ఇప్పటికీ వాదిస్తుంది. ఎలా ఒప్పించను?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఒప్పించడం ఎందుకమ్మా? అడగండి చాలు. ఆ రోజు క్యూలో నేనూ ఉన్నాను. స్పూన్ ఖాళీ అయిన మాట నిజమే. మరి పాలెటు పోయాయి? శాస్త్రవేత్తలు రంగు కలిపిన పాలు పట్టి చూస్తే, విగ్రహం మీదుగా పల్చటి పొరలా కిందికి జారడం కనిపించింది. అంతా తలతన్యత (ద్రవం పైభాగం సాగదీసిన పొరలా బిగిసి ఉండే గుణం) మహిమ! మీ ఇత్తడి వినాయకుణ్ణి తడిపి, కుంకుమ కలిపిన పాలు స్పూన్ నిండా పోసి, అంచు తొండానికి తగిలేలా కాస్త వంచి అమ్మ చేతే పట్టించండి. బొజ్జ మీద ఎర్రటి చార కనిపించాక ఇంకొక్కటి అడగండి: ‘తాగకపోతే ఆయన మీద నీకు భక్తి తగ్గుతుందా?’ తగ్గదంటే ఆ పాలతో పనేముంది? మా అత్తగారినీ ఇదే అడిగాను. ‘నోరు మూసుకుని హారతి పళ్లెం తే’ అన్నారు.