మెటబాలిజం, బయోసింథసిస్ కలిసిపోతున్నాయా? చింతపిక్కలతో నేను చదివిన పద్ధతి

మీ ప్రశ్న: "బీఎస్సీ బయోకెమిస్ట్రీ రెండో సంవత్సరం. గ్లైకాలసిస్, క్రెబ్స్ సైకిల్ ఎలాగో బట్టీ పట్టి నెట్టుకొచ్చాను. బయోసింథసిస్ యూనిట్ మొదలయ్యాక పాతవీ కొత్తవీ కలిసిపోయి ఏదీ గుర్తుండట్లేదు. ఎలా చదవాలి?"

నాకూ సరిగ్గా అక్కడే దెబ్బ పడింది. అందుకే రాస్తున్నా.

డిగ్రీలో ఒక ఇంటర్నల్ పరీక్షకు ఫ్యాటీ యాసిడ్ సింథసిస్ (కొవ్వు ఆమ్లాల తయారీ) ఎస్సే వచ్చింది. నేను ముందు రోజు రాత్రి బీటా ఆక్సిడేషన్ (వాటిని విరగ్గొట్టే దారి) ఒక్కటే చదివి వెళ్లాను. విరగ్గొట్టడం వచ్చు కదా, బాణాలు తిప్పేస్తే కట్టడం అయిపోతుందని నాలుగు పేజీలు నింపాను. బొమ్మలు కూడా స్కేలు పెట్టి నీట్‌గా గీశాను. పేపర్లు ఇచ్చిన రోజు చూస్తే నాలుగు పేజీల మీదా ఒకటే అడ్డగీత, కింద ఎర్ర ఇంకుతో మేడమ్ రాసిన ఒక్క మాట: "ఎక్కడ?"

అర్థం కాక స్టాఫ్ రూమ్‌కి వెళ్లాను. "ఇదంతా కణంలో ఎక్కడ జరుగుతోందమ్మా? మైటోకాండ్రియాలోనా, బయటా?" అని అడిగారు. నోరు మెదపలేదు. నాలుగు పేజీల్లో ఆ సంగతి ఎక్కడా లేదు మరి.

మీరూ చేస్తున్న తప్పు ఇదే అయ్యుండాలి. సిలబస్‌లో విరిచేవి (గ్లైకాలసిస్, క్రెబ్స్ సైకిల్ లాంటివి) ఒక యూనిట్‌లో, కట్టేవి (బయోసింథసిస్) ఇంకో యూనిట్‌లో ఉంటాయి. మధ్యలో నెలన్నర గ్యాప్. రెండోది చదివేటప్పటికి మొదటిది మసకబారి, కట్టడమంటే విరవడానికి రివర్స్ అన్న భ్రమ మిగులుతుంది. కణం చాలా చోట్ల ఆ పని చేయదు. విరిచే దారి వేరు, కట్టే దారి వేరు. ఆ తేడాలు పట్టుకుంటే సబ్జెక్టులో సగం వచ్చినట్టే.

ఫ్యాటీ యాసిడ్లనే తీసుకోండి, నాకు సున్నా తెచ్చినవి కాబట్టి అక్షరం అక్షరం గుర్తున్నాయి. బీటా ఆక్సిడేషన్ మైటోకాండ్రియా లోపల, తయారీ మాత్రం సైటోసాల్‌లో, అంటే దాని బయటి కణద్రవంలో. విరిచేటప్పుడు గొలుసును పట్టుకునేది కోఎంజైమ్ ఏ, కట్టేటప్పుడు ఏసీపీ అనే ప్రోటీన్. విరిచేటప్పుడు ఊడే ఎలక్ట్రాన్లను ఎన్ఏడీ, ఎఫ్ఏడీ అనే వాహకాలు అందుకుని ఎన్ఏడీహెచ్, ఎఫ్ఏడీహెచ్2 అవుతాయి. కట్టడానికి కావలసినవి ఎన్ఏడీపీహెచ్ ఇస్తుంది. విరిచేటప్పుడు రెండేసి కార్బన్లు ఊడొస్తాయి. కట్టేటప్పుడు చేరేవీ రెండే, కానీ నేరుగా చేరవు. ముందు ఎసిటైల్ కోఏకి (కోఎంజైమ్ ఏ పట్టుకున్న రెండు కార్బన్ల ముక్క) కణం ఒక కార్బన్ డయాక్సైడ్ తగిలించి, మూడు కార్బన్ల మలోనైల్ కోఏ చేస్తుంది. గొలుసుకు అతికేటప్పుడు ఆ తగిలించినది మళ్లీ ఊడిపోతుంది.

మొదటిసారి చదివినప్పుడు ఇదేం పిచ్చి పని, పెట్టిందే తీసేయడం ఎందుకు అనిపించింది. కిటుకంతా ఆ ఊడిపోవడంలోనే ఉంది. కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోవడమే అతుకును ముందుకు నెడుతుంది, చర్య వెనక్కి మళ్లదు. దాన్ని తగిలించడానికి ఖర్చయిన ఏటీపీ (కణం ఖర్చుపెట్టే శక్తి నాణెం) ఇక్కడ పనికొస్తుంది. మలోనైల్ కోఏ ఇంకో పని కూడా చేస్తుంది. ఫ్యాటీ యాసిడ్లను మైటోకాండ్రియాలోకి దాటించే కార్నిటిన్ గేటును మూసేస్తుంది. కొవ్వు కడుతున్నంతసేపు విరిచే చోటికి సరుకు పోదన్నమాట. ఆ రోజు మేడమ్ "ఎక్కడ?" అని ఎందుకు రాశారో నాకు ఈ గేటు దగ్గర అర్థమైంది. చోటు వేరు కాబట్టే మధ్యలో గేటు పెట్టడానికి వీలైంది.

ఆ తర్వాత నోట్‌బుక్ పద్ధతి మార్చేశాను. ఎడమ పేజీలో విరిచేది, దానికి ఎదురుగా కుడి పేజీలో కట్టేది. గ్లైకాలసిస్‌కి (గ్లూకోజ్ విరవడం) ఎదురుగా గ్లూకోనియోజెనిసిస్ (గ్లూకోజ్ కట్టడం), గ్లైకోజెన్ (నిల్వ ఉంచిన గ్లూకోజ్) విరుపుకి ఎదురుగా గ్లైకోజెన్ తయారీ. సిలబస్ ఏ వరుసలో ఉన్నా నా బుక్ ఇలాగే ఉండేది. రెండు పేజీల్లోనూ ఒకేలా ఉన్న మెట్టును మామూలు పెన్నుతో, వేరుగా ఉన్నదాన్ని రంగు పెన్నుతో రాసేదాన్ని. గ్లూకోజ్ పేజీల్లో పది మెట్లలో రంగు పడేది మూడింటికే: 1, 3, 10. మిగతా ఏడూ ఇటూ నడుస్తాయి, అటూ నడుస్తాయి. పదో మెట్టును దాటడానికి వెనక్కి వచ్చేటప్పుడు రెండు ఎంజైములు కావాలి, మిగతా రెండింటికి ఒక్కోటి చాలు. ఒక గ్లూకోజ్‌ను పైరువేట్ (మూడు కార్బన్ల ముక్క) దాకా విరిస్తే చేతికి మిగిలేది 2 ఏటీపీ. అదే పైరువేట్‌ల నుంచి మళ్లీ గ్లూకోజ్ కట్టాలంటే 4 ఏటీపీ, 2 జీటీపీ (ఏటీపీ లాంటిదే), అంటే 6 ఖర్చు. పాత సామాన్ల బండికి అమ్మిన బిందెను మళ్లీ కొత్తగా కొన్నట్టు.

ఇక చింతపిక్కల సంగతి. హాస్టల్‌లో ఒక ఆదివారం పేర్లు చదివీ చదివీ విసుగొచ్చి, నేల మీద ఆరు చింతపిక్కలు పెట్టాను. అవి గ్లూకోజ్ కార్బన్లు. పేర్లు లేవు, ఎంజైములు లేవు, లెక్క మాత్రమే. ఆరు రెండు మూడ్లుగా విడిపోతాయి. ఒక్కో మూడులోంచి ఒక పిక్క కార్బన్ డయాక్సైడ్‌గా మంచం కిందకి పోతుంది. మిగిలిన రెండు వెళ్లి, అక్కడ కూర్చున్న నాలుగుతో (ఆక్సలోఎసిటేట్) కలిస్తే ఆరు, సిట్రేట్. ఒకటి పోతే ఐదు, ఇంకొకటి పోతే నాలుగు. ఆ నాలుగు రూపాలు మార్చుకుంటూ తిరిగి మొదటి నాలుగైపోతాయి. ఈ తిరుగుడే క్రెబ్స్ సైకిల్. పది నిమిషాల్లో అయిపోయింది. నెలరోజులుగా ఎక్కనిది అప్పుడు ఎక్కింది.

మా రూమ్మేట్ చూసి, "వచ్చిన ఆ రెండేనా బయటికి పోతున్నవి?" అని అడిగింది. తను బీకాం. నాకు తెలియదు. తన నెయిల్ పాలిష్‌తోనే కొత్తగా వచ్చిన రెండు పిక్కలకు ఎర్ర చుక్క పెట్టి, పుస్తకం పక్కన పెట్టుకుని మళ్లీ తిప్పాం. మొదటి తిరుగుడులో ఎర్రవి రెండూ లోపలే ఉండిపోయాయి. బయటికి పోయినవి పాత నాలుగింటిలోని రెండు. ఎర్రవి పోవడం మొదలయ్యేది రెండో తిరుగుడు నుంచి. ఇది ఎమ్మెస్సీ ఎంట్రన్స్ స్థాయి ప్రశ్న, అడిగిందేమో బీకాం అమ్మాయి!

ఈ పిక్కల లెక్కే ఇంకో పెద్ద చిక్కు విప్పింది. కొవ్వు నుంచి మన ఒళ్లు గ్లూకోజ్ ఎందుకు చేసుకోలేదు? కొవ్వు విరిస్తే వచ్చేది ఎసిటైల్ కోఏ, రెండు పిక్కలు. సైకిల్‌లోకి రెండు వస్తాయి, రెండు పోతాయి. మిగులు సున్నా. మిగులు లేకుండా గ్లూకోజ్ ఏం పెట్టి కడతారు? (కొవ్వులోని గ్లిసరాల్, బేసి సంఖ్య కార్బన్లున్న ఫ్యాటీ యాసిడ్ల చివర మిగిలే మూడు కార్బన్లు మినహాయింపు. వైవాలో అడుగుతారు.)

మాది పాలమూరు వైపు, ఆముదం చేలు చిన్నప్పటి నుంచీ చూసినవే. ఆముదం గింజలో దాచుకున్నది ప్రధానంగా నూనె. మొలకకు కావలసింది చక్కెర. మనకు చేతకాని పని గింజ ఎలా చేస్తుంది? కార్బన్లు పోయే ఆ రెండు మెట్లనూ ఎగ్గొట్టేస్తుంది. సిట్రేట్ తర్వాతి రూపమైన ఐసోసిట్రేట్ దగ్గర ఆరును నాలుగు, రెండుగా చీల్చి, ఆ రెండుకు ఇంకో ఎసిటైల్ కోఏ కలిపి మరో నాలుగు చేస్తుంది. గ్లైఆక్సలేట్ సైకిల్ అంటే ఇంతే. ఇందుకు కావలసిన రెండు ఎంజైములు మనలో లేవు. ఆ పని జరిగే గ్లైఆక్సీసోమ్‌లను 1967లో గుర్తించింది కూడా మొలకెత్తుతున్న ఆముదం గింజల్లోనే. ఆ పాఠం పుస్తకంలో అర పేజీ ఉంటుంది, చాలామంది వదిలేస్తారు. నాకు మాత్రం మొత్తం పేపర్‌లో అదే ఇష్టమైన అర పేజీ.

బుక్ ఇలా తయారయ్యాక ఎవరో ఒక మనిషిని పట్టుకుని, వాళ్ల ఒంట్లో గంట గంటకీ ఏ పేజీ నడుస్తోందని మీకు మీరే ప్రశ్న వేసుకోండి. నేను మా అమ్మ శివరాత్రి ఉపవాసాన్ని పట్టుకున్నా. పొద్దున లివర్‌లోని గ్లైకోజెన్ విరుగుతోంది, ఎడమ పేజీ. జాగారం వేళకి అది అడుగంటుతోంది. అప్పుడు లివర్ గ్లూకోజ్ కట్టడం పెంచాలి, కుడి పేజీ. దానికి 6 చొప్పున ఖర్చుందని చెప్పాను కదా, ఎవరిస్తారు? కొవ్వు ఇస్తుంది. కొవ్వు తాను గ్లూకోజ్ కాలేదు, గ్లూకోజ్ కట్టే కూలి మాత్రం ఇస్తుంది. పైగా కొవ్వు విరిగి ఎసిటైల్ కోఏ పోగుపడితే అది పైరువేట్ కార్బాక్సిలేజ్‌ను తట్టి లేపుతుంది. గ్లూకోజ్ కట్టే దారిలో మొదటి ఎంజైమ్ అదే. రెగ్యులేషన్ అని పుస్తకంలో ప్రతి పాఠం చివర ఉండే విసుగు పేరా ఇలా చదివితే విసుగు పుట్టదు.

ఇప్పుడు నేను డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో పని చేస్తున్నా. "ఇదంతా ఎక్కడ పనికొస్తుంది?" అని అడిగే వాళ్లకు బూడిద రంగు మూత ట్యూబ్ చూపిస్తాను. షుగర్ టెస్టుకు రక్తం తీసేది అందులోనే. లోపల సోడియం ఫ్లోరైడ్ ఉంటుంది. ఎర్ర రక్త కణాలకు మైటోకాండ్రియా లేదు, ఒంట్లోంచి బయటికొచ్చి ట్యూబ్‌లో పడ్డాక కూడా గ్లైకాలసిస్‌తో గ్లూకోజ్ తింటూనే ఉంటాయి. మామూలు ట్యూబ్‌లో పెట్టి వదిలేస్తే గంటకు సుమారు 5 నుంచి 7 శాతం తగ్గుతుంది. చేరిన కొత్తలో ఒక పెద్దాయన శాంపిల్ ఎండలో మూడు గంటలు తిరిగి, తప్పు ట్యూబ్‌లో మా దగ్గరికి వచ్చింది. షుగర్ పేషెంట్, కానీ రీడింగ్ నార్మల్! మళ్లీ పిలిపించి తీస్తే అసలు అంకె బయటపడింది.

ఫ్లోరైడ్ ఆపేది ఎనోలేజ్‌ను, అంటే తొమ్మిదో మెట్టు. ఇక్కడ ఆలోచించండి. గ్లూకోజ్‌ను పట్టుకునేది మొదటి మెట్టు. తొమ్మిదో మెట్టు దగ్గర గేటేస్తే మొదటి మెట్టు వెంటనే ఆగుతుందా? ఆగదు. అందుకే ఫ్లోరైడ్ ఉన్నా మొదటి గంటా రెండు గంటలు గ్లూకోజ్ కొంత తగ్గుతూనే ఉంటుంది. పది మెట్ల వరుస తెలియని టెక్నీషియన్‌కి ఈ సంగతి తట్టదు.

బట్టీ అసలు వద్దా అంటే, అలా అనను. ఇరవై అమైనో యాసిడ్ల నిర్మాణాలు, గ్లైకాలసిస్ పది ఎంజైములు, విటమిన్ నుంచి ఏ కోఎంజైమ్ వస్తుందన్నది బట్టీయే, వేరే దారి లేదు. అమైనో యాసిడ్ల తయారీని మాత్రం ఒక్కోటిగా చదవకండి. ఏ మధ్య పదార్థం నుంచి పుట్టాయో చూసి ఇంటిపేర్లలా గుంపు చేయండి: ఆక్సలోఎసిటేట్ వాళ్లు, ఆల్ఫా కీటోగ్లుటరేట్ వాళ్లు, పైరువేట్ వాళ్లు, ఇలా.

ఏటీపీ లెక్కల టెన్షన్ ఒకటి. గ్లూకోజ్‌కి (పూర్తిగా విరిస్తే వచ్చే ఏటీపీ) ఒక పుస్తకంలో 38, ఇంకోదాంట్లో 32, మరోదాంట్లో 30. పామిటేట్ అనే ఫ్యాటీ యాసిడ్‌కి 129 అని పాత పుస్తకం, 106 అని కొత్తది. తప్పేమీ లేదు. పాత లెక్కలో ఎన్ఏడీహెచ్‌కి 3 ఏటీపీ, ఎఫ్ఏడీహెచ్2కి 2. కొత్త లెక్కలో 2.5, 1.5. మొత్తాన్ని బట్టీ పట్టకుండా, ఏ విలువలు వాడారో ఆన్సర్‌లో ఒక లైన్ రాసి లెక్క చూపించండి. ఎవరు దిద్దినా మార్కులు పోవు.

ప్రాక్టికల్స్‌ని కూడా వదలకండి. ఫాస్ఫరస్ ఎస్టిమేషన్ చేస్తారు కదా: మాలిబ్డేట్ పోసి, రెడ్యూసింగ్ రీఏజెంట్ వేస్తే ట్యూబులు వరుసగా లేత నీలం నుంచి ముదురు నీలానికి మారతాయి, కలరీమీటర్‌లో 660 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీస్తాం. రికార్డులో "ఫిస్కే–సుబ్బారో పద్ధతి" అని రాశాను. ఆ ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి ఎవరో దొర అనుకున్నా. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అని ఫైనల్ ఇయర్‌లో గానీ తెలియలేదు. సిగ్గేసింది. 1925లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి ఇచ్చిన పద్ధతి అది. ఆ నీలం రంగు ఆధారంగానే, కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే శక్తి నిల్వను, తర్వాత 1929లో ఏటీపీని కనిపెట్టారు. అదే ఏడాది జర్మనీలో లోమాన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నారు. మనం పేపర్ నిండా లెక్కపెట్టే ఏటీపీ ఇదే.

ఆయన పేరు బయోసింథసిస్ యూనిట్‌లో మళ్లీ తగులుతుంది. ప్యూరిన్ (డీఎన్ఏకి కావలసిన సరుకుల్లో ఒకటి) వలయంలో ఏ పరమాణువు ఎక్కడి నుంచి వస్తుందన్న బొమ్మ ఉంటుంది చూడండి, అందులో రెండు కార్బన్లు ఫోలేట్ అనే బి విటమిన్ తెచ్చిపెట్టేవి. అమెరికాలోని లెడర్లీ మందుల కంపెనీలో సుబ్బారావు బృందం ఫోలిక్ యాసిడ్‌ను (ఫోలేట్ రూపమే) తయారు చేసింది, మెథోట్రెక్సేట్ అనే క్యాన్సర్ మందు కూడా అక్కడి నుంచే వచ్చింది. ఫోలేట్‌ను తిరిగి వాడుకలోకి తెచ్చే ఎంజైమ్‌ను అది అడ్డుకుంటుంది. డీఎన్ఏకి కావలసిన సరుకు తయారు కాక, వేగంగా పెరిగే క్యాన్సర్ కణం ఆగిపోతుంది. ప్యూరిన్ బొమ్మ ఎలాగూ గీయాలి కదా, ఆ రెండు కార్బన్లకు రంగు పెన్ను వాడండి. నా పాత నోట్‌బుక్‌లో అవి ఇప్పటికీ నెయిల్ పాలిష్ ఎరుపులోనే ఉన్నాయి.