హైదరాబాద్ పేరున్న స్పిట్‌ఫైర్ కొనే ముందు

చిరంజీవి బాబుకి పెదనాన్న ఆశీస్సులు.

మొదటి జీతంతో రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధవిమానం స్పిట్‌ఫైర్ డైకాస్ట్ మోడల్ (లోహాన్ని అచ్చులో పోసి చేసే బొమ్మ) కొనుక్కుంటానన్నావు. చాలా సంతోషం వేసింది. ఫోన్‌లో అన్నీ చెప్పడం కుదరలేదు, అందుకే రాస్తున్నాను.

"ఏ స్పిట్‌ఫైర్ అయితే ఏముంది" అన్నావు. అలా అనుకోకు నాయనా. అవి 20 వేలకు పైగా తయారయ్యాయి. మంచి మోడల్ వాటిలో ఫలానా విమానాన్ని, ఫలానా నెలలో ఉన్నట్టుగా చూపిస్తుంది. నువ్వు హైదరాబాద్‌వాడివి. బ్రిటిష్ వైమానిక దళంలో ఒక విభాగమైన 152వ స్క్వాడ్రన్‌ విమానం దొరుకుతుందేమో వెతుకు. దాని పేరులోనే హైదరాబాద్ ఉంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన డబ్బుకు గుర్తుగా పెట్టిన పేరది. వాళ్ల చిహ్నంలో నిజాం తలపాగా ఉంటుంది. 1940 జులైలో ఈ దళం ఇంగ్లండ్‌ దక్షిణ తీరంలోని వార్మ్‌వెల్‌కు వెళ్లి పోర్ట్‌ల్యాండ్ నౌకా స్థావరానికి కాపలా కాసింది.

డబ్బు కట్టేముందు ఆ కాలం ఫొటో పక్కన పెట్టుకుని చూడు. విమానం పక్కన రాసే ఈ దళం అక్షరాలు యు, ఎమ్. 1940 నాటి మార్క్ 1 (మొదటి రకం) విమానానికి ప్రొపెల్లర్ బ్లేడ్లు మూడు. రెక్కల అంచున మెషిన్‌గన్ రంధ్రాల మీద ఎర్రటి గుడ్డముక్కలు అంటించేవారు, పైన చలికి తుపాకులు గడ్డకట్టకుండా. పేలిస్తే ఆ గుడ్డ చిరిగిపోతుంది. మంచి మోడల్ మీద ఆ ఎర్ర చుక్కలు కూడా కనిపిస్తాయి. ఇదే దళం తర్వాత బర్మాలో నడిపిన మార్క్ 8కి బ్లేడ్లు నాలుగు. అక్కడ విమానం మీది గుండ్రటి బ్రిటిష్ గుర్తులో ఎరుపు ఉండదు, జపాన్ విమానమని పొరబడకుండా తీసేశారు. ఆ విమానం మీద దూకుతున్న నల్లచిరుత బొమ్మ ఉండేది.

నేను సెకండ్‌హ్యాండ్‌లో కొన్న మొదటి మార్క్ 1కి ఎవరో నాలుగు బ్లేడ్లది అతికించి అమ్మారు. ఇంటికొచ్చి ఫొటో పక్కన పెట్టాక గానీ తెలియలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

సైజు 1/72 (అసలు విమానంలో 72వ వంతు) తీసుకో. రెక్కల వెడల్పు ఆరు అంగుళాల పైచిలుకు వస్తుంది, మన అద్దాల బీరువాలో చక్కగా పడుతుంది. రేకుల అతుకుల గీతలు లోతుగా ఉంటే వద్దు. మోడల్ మీద అర మిల్లీమీటరు గాడి అంటే అసలు విమానం మీద 36 మిల్లీమీటర్ల సందు. అంత సందుతో ఏ విమానం ఎగురుతుంది?

ఒళ్లంతా జింకు మిశ్రమ లోహం కాబట్టి చేతికి బరువు తగులుతుంది. కానీ చక్రాల కాళ్లు, ప్రొపెల్లర్, యాంటెన్నా ప్లాస్టిక్. ఎప్పుడూ పొట్ట కింద పట్టుకుని ఎత్తు. దుమ్ముకి మెత్తటి మేకప్ బ్రష్ చాలు, తడిగుడ్డ, స్ప్రే వద్దు. ఎండ తగిలే కిటికీ పక్కన పెట్టకు. చాలా పాత మోడల్ కొంటే లోహం మీద వెంట్రుకవాసి పగుళ్లు, ఉబ్బు ఉన్నాయేమో చూడు. జింకులో సీసం కలిస్తే ఏళ్ల తర్వాత అలా పొడై రాలిపోతుంది, దానికి మందు లేదు.

పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయి. చక్రాలు ముడిచినట్టు చూపించే చిన్న ముక్కలు లోపల వేరే కవర్లో ఉంటాయి, వాటిని లెక్కపెట్టకుండా డబ్బా పారెయ్యకు. ఆదివారం మోడల్ తీసుకుని ఇంటికి రా, నా ఫొటోల పుస్తకం తీసి ఉంచుతాను.

మీ పెదనాన్న