శిబిరంలో నీటి పైపులు కలిపే కప్లర్: పీఎల్ఏతో ప్రింట్ చేయొచ్చా?

కర్నూలు దగ్గర వరద శిబిరంలో నల్ల ప్లాస్టిక్‌తో చేసిన 32 ఎంఎం హెచ్‌డీపీఈ పైపుకు ఒక అంగుళం జీఐ (జింకు పూత ఇనుము) పైపు కలపాలి, ఎండర్ 3 అనే 3డీ ప్రింటర్ ఉంది, పీఎల్ఏ ప్లాస్టిక్ సరిపోతుందా అని అడిగారు.

పీఎల్ఏ వద్దండి. అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మే నెల ఎండలో పడి ఉన్న నల్ల పైపు మీద చేయి పెట్టి చూడండి, తెలుస్తుంది. పీఈటీజీ అనే ప్లాస్టిక్ 80 డిగ్రీల దగ్గర దాకా తట్టుకుంటుంది, అదే వాడండి. ఒకే సైజు పైపులకైతే ప్రింటర్ జోలికే పోవద్దు, బజారులో దొరికే కప్లరే మేలు. ప్రింటర్ అవసరం ఇలాంటి చోటే: పేరుకు దగ్గరగా ఉన్నా హెచ్‌డీపీఈ బయటి కొలత 32, జీఐది 33.7. 2015 నేపాల్ భూకంపం తర్వాత ఫీల్డ్ రెడీ సంస్థ శిబిరంలోనే నీటి పైపు ఫిట్టింగులు ప్రింట్ చేసింది కూడా ఇందుకే.

వెర్నియర్‌తో పైపును మూడు చోట్ల కొలవండి, గుండ్రంగా ఉండదు. లోపలి రంధ్రం పైపు కన్నా 0.4 ఎంఎం ఎక్కువ పెట్టండి. ఒక్కో వైపు నీరు కారకుండా ఆపే రెండు రబ్బరు ఓ-రింగులు. 3 ఎంఎం మందం రింగుకు గాడి లోతు 2.2, వెడల్పు 4. గాడి వెనుక కనీసం 4 ఎంఎం గోడ మిగలాలి. నిలువుగా ప్రింట్ చేయండి, అప్పుడు నీటి ఒత్తిడి లేయర్ల వెంట పడుతుంది, వాటిని విడదీయదు. గాడి పైఅంచుకు 45 డిగ్రీల వాలు ఇవ్వకపోతే అక్కడ దారాలు వేలాడి రింగు సరిగా కూర్చోదు. ప్లాస్టిక్ కరిగించే నాజిల్ 240 డిగ్రీలు, కింది పళ్లెం (బెడ్) 80 డిగ్రీలు, ఆరు వరుసల గోడలు, లోపలి నింపుడు అంటే ఇన్‌ఫిల్ 100 శాతం, ఫ్యాన్ 30 శాతం. లేయర్ల మధ్య చెమ్మ ఊరితే ఫ్లో (ప్లాస్టిక్ వదిలే మోతాదు) 103 శాతం చేయండి. ఫిలమెంట్ (ప్రింటర్‌కు పెట్టే ప్లాస్టిక్ తీగ) తడిబారితే ప్రింట్ చేసేటప్పుడు చిటపటమంటుంది. 65 డిగ్రీల్లో ఐదారు గంటలు ఆరబెట్టాలి.

కరెంటు పోతే ప్రింటర్ ఆగినచోట నుంచి మొదలుపెడుతుంది కానీ, ఈలోపు బెడ్ చల్లారి వస్తువు ఊడిపోతుంది. ఇన్వర్టర్‌ను యూపీఎస్ మోడ్‌లో పెట్టండి. మామూలు మోడ్‌లో మారేలోపే ప్రింటర్ రీసెట్ అవుతుంది.

చాలామంది మరిచేది ఒకటుంది. ఓ-రింగు నీటిని ఆపుతుంది, పైపును పట్టుకోదు. 10 మీటర్ల ఎత్తు ట్యాంకు నుంచి వచ్చే, చదరపు సెంటీమీటరుకు 1 కిలో ఒత్తిడి 32 ఎంఎం పైపును దాదాపు 8 కిలోల బలంతో బయటికి తోస్తుంది. కప్లర్‌కు రెండు పక్కలా పైపులకు క్లిప్పులు బిగించి, వాటిని జీఐ తీగతో ఒకదానికొకటి కట్టేయండి. ఎండ తగలకుండా గోనెపట్టా కప్పండి. పూర్తి ఒత్తిడితో ఒక రాత్రంతా ఉంచి, తెల్లారి పొడి బట్టతో తుడిచి చూడండి.

తాగునీటి లైనుకు మాత్రం ఇది తాత్కాలికమే. లేయర్ల సందుల్లో పాచి పడుతుంది, ఎంత కడిగినా పోదు. సరైన మెటల్ ఫిట్టింగ్ చేతికి రాగానే మార్చేయండి.