మూడు నెలల మకాంకు అక్కడ ఖాతా ఎందుకు?

ప్రశ్న: ఆఫీసు పని మీద మూడు నెలలు వేరే దేశంలో ఉండాలి. జీతం ఎప్పటిలాగే సొంత దేశంలోని ఖాతాలోనే పడుతుంది. అక్కడ కార్డు గీసినప్పుడల్లా చార్జీలు పడతాయి కాబట్టి, దిగగానే అక్కడే ఒక ఖాతా తెరుచుకోమని తోటివాళ్లు అంటున్నారు. చిన్న వీసాతో ఖాతా ఇస్తారా?
– ఒక పాఠకురాలు

జవాబు: చాలాచోట్ల ఇవ్వరు. చట్టం అడ్డు చెప్పని దేశాల్లో కూడా కౌంటర్ దగ్గర ఆగిపోతుంది. పాస్‌పోర్టు ఒక్కటే చాలదు. మీ పేరు మీద అక్కడి చిరునామాతో అద్దె ఒప్పందమో కరెంటు బిల్లో అడుగుతారు. హోటల్ బుకింగ్ చూపిస్తే కాగితం వెనక్కి ఇచ్చేస్తారు.

జపాన్‌లో 90 రోజులు, అంతకు తక్కువ కాలానికి వచ్చినవాళ్లకు రెసిడెన్స్ కార్డే (అక్కడ ఉండే విదేశీయుల గుర్తింపు కార్డు) ఇవ్వరు. బ్యాంకులు మొదట అడిగేది అదే. అమెరికాలో విదేశీయుల దగ్గర సోషల్ సెక్యూరిటీ నంబరు (అక్కడివాళ్లకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు నంబరు) బదులు పాస్‌పోర్టు నంబరు తీసుకునే వెసులుబాటు ఉంది, కానీ తీసుకోవాలా వద్దా అన్నది ఆ బ్యాంకు ఇష్టం. యూరోపియన్ యూనియన్ 2014లో ప్రాథమిక ఖాతాను హక్కుగా చేసింది. అయితే ఆ హక్కు అక్కడ చట్టబద్ధంగా నివసించేవాళ్లది.

సరే, ఎవరో ఇచ్చారనుకోండి. అందులోకి డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? మీ జీతం ఖాతానుంచే కదా. అంటే కరెన్సీ మార్చక తప్పదు. కార్డు గీసినప్పుడు పడే చార్జీ, డబ్బు పంపేటప్పుడు పంపే ఫీజుగానూ రేటులో తేడాగానూ పడుతుంది. తోటివాళ్లు మరిచిపోయింది ఇదే. జీతం అక్కడి కరెన్సీలో ఇస్తుంటే లెక్క వేరు. అప్పుడు కంపెనీ లెటర్‌తో ఖాతా కూడా కాస్త తేలిగ్గా వస్తుంది.

మీకైతే నా సలహా: ఖాతా మాట వదిలేయండి. విదేశీ లావాదేవీలపై మార్కప్ (కరెన్సీ మార్చినందుకు బ్యాంకు అదనంగా వేసే శాతం) తక్కువున్న కార్డో, విదేశీ కరెన్సీలు ముందే నింపుకునే మల్టీ కరెన్సీ కార్డో బయల్దేరకముందే తీసుకోండి. ఇంటి చిరునామా ఇక్కడ ఉంది కాబట్టి కేవైసీ ఇక్కడే తేలిగ్గా అయిపోతుంది. మార్కప్ 3 శాతం ఉంటే ప్రతి వందకు మూడు పోయినట్టే, కాబట్టి ఆ అంకె చూసే కార్డు ఎంచుకోండి. ఒకదాన్ని ఏటీఎం మింగేసినా ఇంకోటి ఉండేలా వేర్వేరు బ్యాంకులవి రెండు కార్డులు పెట్టుకోండి.

అసలు డబ్బు కారేది ఏటీఎం తెర మీద. డబ్బు తీసేటప్పుడు మీ సొంత కరెన్సీలో మొత్తం చూపించి, ఈ రేటుకు ఒప్పుకుంటారా అని అడుగుతుంది. తెలిసిన కరెన్సీ కనబడగానే వేలు ‘అవును’ మీదికి పోతుంది. వద్దు అనే నొక్కండి. డబ్బు అప్పుడూ వస్తుంది, మార్చే పని మీ కార్డు నెట్‌వర్క్ (వీసా, మాస్టర్‌కార్డ్ లాంటివి) చేస్తుంది, రేటు దాదాపు ఎప్పుడూ మెరుగ్గానే ఉంటుంది. షాపుల్లో కార్డు మెషిన్ అడిగినా ఇదే జవాబు.

ఇంకో టెన్షన్ ఓటీపీ. బ్యాంకులో ఇచ్చిన నంబరు అక్కడ పనిచేయకపోతే కార్డు ఉండీ లేనట్టే. డేటా ఆపేసినా, మెసేజ్‌లు వచ్చేలా రోమింగ్ పెట్టించుకోండి. హోటల్ డిపాజిట్‌కు క్రెడిట్ కార్డు ఇవ్వండి. డెబిట్ కార్డు ఇస్తే మీ సొంత డబ్బే కొన్నాళ్లు ఇరుక్కుంటుంది.

ఒక్కచోట మాత్రం స్థానిక ఖాతా లేని లోటు తెలుస్తుంది: ఇల్లు అద్దెకు తీసుకుంటే అడ్వాన్సు వెనక్కి వచ్చేటప్పుడు. ‘ఇక్కడి ఖాతాలోనే వేస్తాం’ అనే యజమానులుంటారు. విదేశీ ఖాతాకు పంపుతామని ఒప్పందంలోనే రాయించుకోండి.

నేను ఒకప్పుడు నాలుగు నెలల కోసం ఇలాగే ఖాతా తెరిచి, కొంచెం డబ్బు ఉంచి వచ్చేశాను. నెలవారీ ఫీజు దాన్ని తినేసి, పైగా బాకీ చూపించింది. మూసేయమంటే స్వయంగా బ్రాంచికి వచ్చి సంతకం పెట్టమన్నారు. ఆ ఫీజు కంటే విమానం టికెట్టు ఎన్నో రెట్లు.