గోదాముకు కెమెరా చూపు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: కొంపల్లి దగ్గర మాకు మందుల హోల్‌సేల్ గోదాము ఉంది. బిల్లులో ఒక బ్యాచ్ నంబరు, పెట్టెలో మరో బ్యాచ్ సరకు వెళ్తున్నాయని దుకాణాల నుంచి తరచూ ఫిర్యాదులు వస్తున్నాయి. గడువు దగ్గరపడిన సరకు ర్యాకుల్లో వెనకే ఉండిపోతోంది. గేటు నుంచి ర్యాకుల దాకా అన్నిచోట్లా కెమెరాలు బిగించి, మనిషి అవసరమే లేకుండా చేస్తామని ఒక సంస్థవారు అంటున్నారు. ఒప్పుకోమంటారా?
ఒక వ్యాపారి, కొంపల్లి

సమాధానం: మీ ఇబ్బందికి కెమెరా తప్పకుండా పనికివస్తుంది. కానీ అన్నిచోట్లా ఒకేసారి బిగించుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. మీ దగ్గర పొరపాటును పట్టుకోవలసిన చోటు ముఖ్యంగా ఒక్కటే, పెట్టెకు టేపు వేసే ముందు ప్యాకింగ్ బల్ల దగ్గర. అక్కడ ఒక మంచి కెమెరా, దానికి తగిన లైటు ఉండి, అది చదివిన నంబరు మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌తో సరిపోల్చుకునే ఏర్పాటు ఉంటే, తేడా వచ్చిన పెట్టె గోదాము దాటి పోదు. ర్యాకుల ఎదుట ఎన్ని కెమెరాలు పెట్టినా వాటికి కనిపించేది ముందు వరుసే. గడువు సంగతి చూడవలసింది సాఫ్ట్‌వేర్. సరకు దిగిన రోజునే బ్యాచ్, గడువు తేదీ సరిగా నమోదైతే, ముందు ఏది తీయాలో అది చెప్పగలదు. కాబట్టి రెండో కెమెరా పెట్టదలిస్తే సరకు దించుకునే చోట పెట్టండి.

ఇక ఆ సంస్థవారిని మీరు మొదట అడగవలసింది లైటు గురించి. సాఫ్ట్‌వేర్ గొప్పదనం ఎవరైనా చెబుతారు గాని, చిత్రమే చెడిపోతే ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని బాగుచేయలేదు. ఒక చిన్న లెక్క చూడండి. కన్వేయర్ బెల్టు సెకనుకు ఒక మీటరు వేగంతో నడుస్తోందనుకుందాం. కెమెరా ఒక మిల్లీసెకను పాటు కన్ను తెరిచి ఉంచితే, ఆ వ్యవధిలోనే పెట్టె ఒక మిల్లీమీటరు జరుగుతుంది. దుకాణాల్లో చూసే మామూలు 13 అంకెల బార్‌కోడ్‌లో అన్నిటికన్నా సన్నని గీత వెడల్పు ప్రామాణిక పరిమాణంలో 0.33 మిల్లీమీటర్లే, అంటే గీతలన్నీ ఒకదానిలో ఒకటి అలుక్కుపోతాయి. ఆ వ్యవధిని పదో వంతుకు తగ్గిస్తే జరుగుడు 0.1 మిల్లీమీటరుకు దిగి గీతలు విడివిడిగా కనిపిస్తాయి, కానీ కెమెరాలోకి చేరే వెలుతురూ పదో వంతుకు పడిపోతుంది. ఆ లోటు తీర్చాలంటే కెమెరా కన్ను తెరిచే క్షణంలోనే మెరిసే శక్తిమంతమైన ఎల్‌ఈడీ లైటు కావాలి. గోదాము పైకప్పుకు వేలాడే ట్యూబులైట్లతో ఈ పని కాదు. బెల్టు లేకుండా బల్ల మీదే పెట్టెను నిలిపి చదివిస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది; మీ స్థాయి గోదాముకు నేను సూచించేది అదే.

మందుల పెట్టెలతో మరో చిక్కు ఉంది. బ్యాచ్ నంబరు చాలాసార్లు ఇంక్‌జెట్ యంత్రం చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాల్లో ఉంటుంది. పెట్టె పైభాగం నిగనిగలాడే లామినేషన్‌తో ఉంటే, ట్యూబులైటు ప్రతిబింబం తెల్లని పట్టీలా సరిగ్గా ఆ నంబరు మీదే పడి రెండు మూడు అక్షరాలను పూర్తిగా మింగేస్తుంది. పెట్టెను కాస్త వంచితే మనిషి కంటికి కనిపిస్తుంది, బిగించిన కెమెరా అలా వంగి చూడలేదు. అందుకే కాంతిని నేరుగా కొట్టకుండా అన్ని వైపుల నుంచీ మెత్తగా పరిచే గొడుగు ఆకారపు లైట్లనో, ప్రతిబింబాల మెరుపును అడ్డుకునే పోలరైజింగ్ ఫిల్టర్లనో వాడతారు. అప్పటికీ 8ని బి అనీ, 5ను ఎస్ అనీ, సున్నాను ఓ అనీ చదవడం మామూలే. చదివిన నంబరు మీ స్టాకులో నిజంగా ఉన్న బ్యాచ్‌లలో ఒకటి అయితేనే అంగీకరించాలి, లేకుంటే మనిషి చేతికి ఇవ్వాలి అన్న నియమం పెట్టించండి. మనిషి అవసరమే ఉండదన్న మాటను మాత్రం నమ్మకండి.

మీకు అనుకూలమైన సంగతి కూడా ఒకటుంది. 2023 ఆగస్టు 1 నుంచి మన దేశంలో ఎంపిక చేసిన 300 మందుల బ్రాండ్ల మీద బార్‌కోడ్ గాని క్యూఆర్ కోడ్ గాని ఉండటం తప్పనిసరి అయింది. బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ అందులోనే ఉండాలన్నది నిబంధన. జపాన్‌లోని డెన్సో సంస్థలో 1994లో రూపుదిద్దుకున్న క్యూఆర్ కోడ్‌ను అత్యధిక రక్షణ స్థాయిలో ముద్రిస్తే సుమారు 30 శాతం దాకా చెడినా చదవవచ్చు. కోడ్ ఉన్నచోట కోడ్‌నే చదివించండి, అక్షరాలు చదివించడం అది లేని సరకుకే పరిమితం చేయండి.

ఒప్పందం రాసుకునే ముందు, నలిగినవి, గీసుకుపోయినవి, ఇంకు వెలిసినవి అయిన మీ సొంత పెట్టెలనే తీసుకువెళ్లి వారి ఎదుట చదివించండి. వారు తెచ్చిన నమూనా పెట్టెలు చక్కగా చదవడం మీకు ఏమీ రుజువు చేయదు.

ప్రశ్న: శంషాబాద్ వైపు ఒక గోదాములో సూపర్‌వైజర్‌ని. లారీలు నిలిచే షట్టరు దగ్గర పెట్టిన కెమెరా ఉదయం చక్కగా పనిచేస్తుంది. సాయంత్రం నాలుగు దాటాక లేబుళ్లను చదవలేకపోతోంది. సాఫ్ట్‌వేర్ మార్చమని యజమానికి చెప్పనా?

సమాధానం: సాఫ్ట్‌వేర్ జోలికి పోకండి. మీ షట్టరు పడమర ముఖంగా ఉందేమో చూడండి. ఆ వేళకు ఎండ ఏటవాలుగా వచ్చి నేరుగా లేబుళ్ల మీద పడుతూ ఉండాలి. కెమెరా ఉన్న భాగానికి మూడు వైపులా నల్లని పరదా కట్టి రెండు రోజులు గమనించండి, చాలాచోట్ల ఇంతటితో సరిపోతుంది. అప్పటికీ కుదరకపోతే ఒకే రంగు కాంతినిచ్చే ఎల్‌ఈడీ పెట్టి, ఆ రంగును మాత్రమే లోపలికి వదిలే ఫిల్టరును లెన్సుకు బిగిస్తారు. అప్పుడు ఎండలో అత్యధిక భాగం కెమెరాకు చేరదు. ఇందులో ఒక జాగ్రత్త అవసరం. ఎర్ర లైటు వాడితే తెల్ల కాగితం మీద ఎర్ర సిరాతో ముద్రించినదంతా కెమెరాకు మాయమవుతుంది, కాబట్టి మీ లేబుళ్లలో ఎర్ర ముద్రణ ఉంటే నీలి లైటు అడగండి.

ప్రశ్న: ఇబ్రహీంపట్నం దగ్గర ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. దెబ్బతిన్న అట్టపెట్టెలను ఫోన్ కెమెరాతో గుర్తించే ప్రాజెక్టు చేస్తున్నాం. 99 శాతం కచ్చితత్వం వచ్చింది. దీన్ని గోదాములకు చూపించవచ్చా?

సమాధానం: చూపించే ముందు ఆ 99 ఎలా వచ్చిందో పరిశీలించమ్మా. వెయ్యి పెట్టెల్లో పదే దెబ్బతిన్నవి అయితే, అన్నీ బాగున్నాయని కళ్లు మూసుకుని చెప్పే ప్రోగ్రాముకూ 99 శాతమే వస్తుంది. గోదాము యజమానికి కావలసిన లెక్కలు రెండు: దెబ్బతిన్న పదింటిలో ఎన్నింటిని పట్టుకున్నారు, బాగున్న పెట్టెలను ఎన్నిసార్లు అనవసరంగా ఆపారు. రెండో సంగతి, ఒకే వీడియోలోని చిత్రాలను కొన్ని శిక్షణకూ కొన్ని పరీక్షకూ పంచి ఉంటే, మీ ప్రోగ్రాము అదే పెట్టెను మళ్లీ చూసి గుర్తుపట్టింది, అంతే. ఒక రోజు తీసిన చిత్రాలతో నేర్పి, వేరొక రోజు, వేరొక లైటు కింద తీసిన వాటితో పరీక్షించండి. అంకె పడిపోతుంది, దానికి నిరుత్సాహపడవద్దు. నిజమైన పని అక్కడే మొదలవుతుంది.

ఈ రంగంలో పెద్ద మలుపు 2012లో వచ్చింది. ఆ ఏడాది, చిత్రంలో ఏముందో కంప్యూటరు చేత గుర్తింపజేసే ఇమేజ్‌నెట్ పోటీలో రెండో స్థానం పొందిన పద్ధతికి సుమారు 26 శాతం తప్పులు వస్తే, టొరంటో విశ్వవిద్యాలయ బృందం న్యూరల్ నెట్‌వర్క్‌తో, అంటే ఉదాహరణలు చూసి నేర్చుకునే ప్రోగ్రాముతో, వాటిని సుమారు 15 శాతానికి దించింది. వారికి అది సాధ్యం కావడానికి లక్షల సంఖ్యలో పేర్లు పెట్టి ఉన్న చిత్రాలు అందుబాటులో ఉండటమూ ఒక ముఖ్య కారణం. మీకు కావలసినవి కూడా అవే, అంటే నలిగిన, తడిసిన, చిరిగిన పెట్టెల చిత్రాలు. గోదాములవారిని అడిగి సేకరించండి. కదిలే బెల్టు మీద మాత్రం ఫోన్ వాడకండి. ఫోన్ కెమెరాలు చాలావరకు చిత్రాన్ని వరుస తరువాత వరుసగా చదువుతాయి కనుక వేగంగా కదిలే పెట్టె ఒక పక్కకు వాలినట్టు పడుతుంది. మొత్తం చిత్రాన్ని ఒకేసారి పట్టే గ్లోబల్ షట్టర్ కెమెరా దొరికితే దానితో చేయండి.

ప్రశ్న: మా నాన్నగారు బాటసింగారం వైపు ఒక గోదాములో హమాలీ. అక్కడ కెమెరాలు పెట్టి లెక్కలన్నీ యంత్రమే చూసుకుంటుందంటున్నారు. ఆయన పని పోతుందా?

సమాధానం: మీ భయం అర్థమైంది, ఉన్నది ఉన్నట్టు చెబుతాను. కెమెరాలతో ముందుగా తగ్గేది లెక్క రాసే పని, నంబర్లు చూసి సరకు వేరుచేసే పని. బరువు ఎత్తే పని అంత త్వరగా పోదు. లారీలో ఒకదానిమీద ఒకటి అడ్డదిడ్డంగా పడి ఉన్న రకరకాల పెట్టెలను, పట్టుకుంటే ఆకారం మారిపోయే బస్తాలను దించడం యంత్రానికి ఇప్పటికీ కష్టమే. నేల మీద అతికించిన కోడ్‌లను చదువుతూ ర్యాకులను మోసుకొచ్చే కీవా రోబోల సంస్థను అమెజాన్ 2012లోనే కొనుగోలు చేసింది. అవి గోదాములో మనిషి నడకను తగ్గించాయి గాని లారీలు దించే పనికి ఉద్దేశించినవి కావు. అయినా పదేళ్ల తరువాత ఇదే పరిస్థితి ఉంటుందని నేను హామీ ఇవ్వలేను. చదవగలిగితే మీ నాన్నగారు స్కానరు, ఆ తెర మీద వచ్చే లెక్క చూడటం ఇప్పుడే నేర్చుకోవడం మంచిది.

కూలి గురించి ఒక మాట. హమాలీలకు చాలాచోట్ల బస్తాకు ఇంత, పెట్టెకు ఇంత అని ఇస్తారు. సాయంత్రం లెక్క దగ్గర వాదులాటలు వచ్చేది అందుకే. కెమెరా ఎన్ని పెట్టెలు దిగాయో లెక్కిస్తున్నప్పుడు ఆ అంకె యజమాని గదిలోనే ఉండిపోకుండా, షట్టరు దగ్గర హమాలీలందరికీ కనిపించేలా ఒక తెర పెట్టమని మేస్త్రి ద్వారా అడిగించండి. ఇది న్యాయమైన కోరిక, దీనికి అదనపు ఖర్చు కూడా పెద్దగా ఉండదు. ముఖాలు కనిపించే దృశ్యాలు వ్యక్తిగత డేటా కిందికే వస్తాయి, దాని రక్షణకు పార్లమెంటు 2023లో చట్టం చేసింది. సరకును మాత్రమే చూసేలా కెమెరాను కిందికి తిప్పి బిగిస్తారా, మనుషుల దృశ్యాలు దాస్తారా, దాస్తే ఎన్నాళ్లు, వాటిని చూపి కూలి కోస్తారా అన్న నాలుగు విషయాలకూ జవాబు కాగితం మీద ఇప్పించుకోమని మేస్త్రికి చెప్పండి.