అమ్మాయి బుల్లి మిడీ కీబోర్డు అడుగుతోంది... కొనాలా, 61 కీలదే తీసుకోవాలా?

ప్రశ్న: మాది విజయవాడ సత్యనారాయణపురం. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. చిన్నప్పటి నుంచి కర్ణాటక గాత్రం నేర్చుకుంది, వర్ణాల దాకా వచ్చింది. ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో సొంతంగా ట్యూన్లు కడతానంటూ చిన్న మిడీ కీబోర్డు కొనమంటోంది. పది, పన్నెండు వేల దాకా పెట్టగలం. తెలిసినవాళ్లేమో ఆ డబ్బుకు 61 కీల మామూలు కీబోర్డే వస్తుంది, బొమ్మలాంటిది ఎందుకంటున్నారు. ఏది కొనాలి? ఇది కొనిస్తే ఇంజనీరింగ్ వద్దంటుందేమోనని ఇంట్లో భయం కూడా ఉంది.

జవాబు: నమస్కారమండీ. మీ అమ్మాయి అడిగిన వస్తువు, మీకు తెలిసినవాళ్లు చెప్పిన వస్తువు చూడటానికి ఒకేలా ఉంటాయి గానీ పనులు వేరు. 61 కీల మామూలు కీబోర్డులో శబ్దాలు, తాళాలు, స్పీకరు అన్నీ లోపలే ఉంటాయి. స్విచ్ వేస్తే మోగుతుంది. మిడీ కీబోర్డుకు సొంత గొంతు లేదు. ఏ కీ నొక్కారు, ఎంత వేగంగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అన్న సమాచారాన్ని యూఎస్‌బీ తీగ ద్వారా ల్యాప్‌టాప్‌కు పంపడమే దాని పని. వీణా, వయొలినా, డ్రమ్సా అన్నది ల్యాప్‌టాప్‌లోని సాఫ్ట్‌వేర్ తేలుస్తుంది. ఈ సంగతి తెలియక కొని, పెట్టె విప్పి, శబ్దం రావడం లేదని వాపసు పంపేవాళ్లు చాలామంది ఉంటారు.

ట్యూన్లు కట్టి, వాయిద్యాలు అమర్చడమే ఆమె కోరికైతే మిడీ కీబోర్డే సరైనది. స్టేజీ మీద వాయించాలన్నా, కీబోర్డు వాయిద్యానికి పెట్టే గ్రేడ్ పరీక్షలు రాయాలన్నా 61 కీలది కావాలి. అలాంటిదే కొనాల్సి వస్తే రెండు విషయాలు అడగండి: కీకి టచ్ ఉందా, అంటే మెల్లగా నొక్కితే మెల్లగా మోగుతుందా? వెనక కంప్యూటర్‌కు కలిపే యూఎస్‌బీ పోర్టు ఉందా? తక్కువ ధరలో దొరికే 61 కీల మోడళ్లలో కొన్నిటికి ఈ రెండూ ఉండవు. అవి లేకపోతే రేపు సంగీతం తయారుచేసే పనికి అది అక్కరకు రాదు.

డబ్బు తీసేముందు ఒక మూడు నాలుగు వారాలు ఖర్చులేని పని ఒకటి చేయించండి. పాటలు తయారుచేసే బ్యాండ్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ బ్రౌజర్‌లోనే ఉచితంగా నడుస్తుంది. ఆపిల్ ల్యాప్‌టాప్ అయితే అలాంటిదే గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం. రెండింటిలోనూ టైపింగ్ కీలనే స్వరాలుగా వాయించుకోవచ్చు. ఈ వారాల్లో రెండు చిన్న ట్యూన్లు, ఒక్కోటి నిమిషం నిడివివైనా, పూర్తిచేస్తే కొనండి. టైపింగ్ కీలకు టచ్ లేదు కాబట్టి ప్రతి స్వరమూ ఒకే బరువుతో పడుతుంది. ఆ చప్పదనం చెవికి తెలిసి విసుగు పుడితే, అసలు కీబోర్డు ఎందుకో ఆమెకే అర్థమవుతుంది. ఈలోగా ల్యాప్‌టాప్ సత్తా కూడా తెలిసిపోతుంది. 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్కు ఉన్న ల్యాప్‌టాప్ అయితే మూడు నాలుగు వాయిద్యాలు కలిసేసరికి శబ్దం తెగిపోతుంది. అప్పుడు కీబోర్డు కంటే ముందు 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ వేయించడమే మంచి ఖర్చు.

ఇక కీల లెక్క. 25 కీలంటే రెండు స్థాయిలు, పైన ఒక కీ. 37 అయితే మూడు, 49 అయితే నాలుగు. పాశ్చాత్య పియానో రెండు చేతులతో వాయించేవాళ్లకు 25 ఇరుకే. గాత్రం నేర్చుకున్న పిల్లకు మాత్రం ఆ ఇరుకులోనే దారి ఉంది. పాడే పరిధి మామూలుగా మంద్ర పంచమం నుంచి తార పంచమం దాకా అనుకుందాం. అది సరిగ్గా రెండు స్థాయిలు. 25 కీల కీబోర్డు ఎడమ చివరి సి కీని మంద్ర పంచమం చేసుకుంటే షడ్జమం ఎఫ్ కీ మీద పడుతుంది, తార పంచమం కుడి చివరి సి దగ్గర ఆగుతుంది. ఒక్క కీ కూడా వృథా పోదు. ఎఫ్ అంటే నాలుగు కట్టె. ఆమె ఐదు కట్టెలో పాడుతుంటే ట్రాన్స్‌పోజ్ (మొత్తం శ్రుతిని జరిపే సెట్టింగు) ప్లస్ 2 పెడితే చాలు, వేళ్లు అవే, శ్రుతి జి అవుతుంది. ఈ అమరికలో మాయామాళవగౌళ షడ్జమం నుంచి ఎఫ్, జి ఫ్లాట్, ఎ, బి ఫ్లాట్, సి, డి ఫ్లాట్, ఇ అని నడుస్తుంది. సరళీ స్వరాలు, జంట స్వరాలు మూడు కాలాల్లో దీని మీద వాయించడమే మొదటి పది రోజుల సాధన. మెట్రోనోమ్ (లయ కోసం టిక్కుమని కొట్టేది) నిమిషానికి 60 దెబ్బల దగ్గర మొదలుపెట్టమనండి. కీ స్కేళ్ల పుస్తకం కొననక్కర్లేదు, ఆమెకు వచ్చిన పాఠమే పాఠం.

గమకం దగ్గరే అసలు పేచీ. కీబోర్డుకు పన్నెండు మెట్లే ఉన్నాయి, మధ్యలో ఊగడానికి చోటు లేదు. అందుకు పిచ్‌బెండ్, అంటే మోగుతున్న స్వరాన్ని పైకీ కిందికీ జరిపే మీట, వాడాలి. అది ఏ రూపంలో ఉందన్నదే మీ అమ్మాయికి మోడల్‌ను ఎంచేది, రంగురంగుల దీపాలు కాదు. గాత్రం వచ్చినవాళ్లకు చక్రం ఉన్నది అన్నిటికంటే మేలు: వేలితో ఎంత తోస్తే అంత కదులుతుంది, ఊపు అదుపులో ఉంటుంది. టచ్ స్ట్రిప్ రెండోది, దానికి కొంత అలవాటు కావాలి. జాయ్‌స్టిక్‌లో స్ప్రింగు గట్టిగా లాగుతుంటుంది, నెమ్మదిగా జారే జారుకు అది అడ్డం. బటన్లే ఉంటే గమకం మీద ఆశ వదులుకోవాలి. చాలా సాఫ్ట్‌వేర్ వాయిద్యాల్లో బెండ్ పరిధి మొదట అటూ ఇటూ రెండు అర స్వరాలే ఉంటుంది. కంపితానికి అది చాలు. షడ్జమం నుంచి పంచమం దాకా జారాలంటే పరిధిని 7కు పెంచాలి, ఆ పెంపుతో చిన్న కదలిక కూడా పెద్దదైపోతుంది కాబట్టి పని అయ్యాక మళ్లీ 2కు తేవాలి. ఒక వాయిద్యానికి ఒక పరిధి అని రాసిపెట్టుకోమనండి, లేకపోతే పాత ప్రాజెక్టు తెరిచినప్పుడు శ్రుతి తప్పినట్టు వినిపించి కంగారు పడుతుంది.

ఈ లెక్కన మోడళ్లు చూద్దాం. ధరలు నెలనెలా మారుతుంటాయి, కొత్త తరం వచ్చాక పాతది తగ్గుతుంది, కాబట్టి కొనే రోజు ధరే ధర. ఆర్టూరియా మినీల్యాబ్ 3లో 25 సన్న కీలు, 8 ప్యాడ్లు (డ్రమ్స్‌లా కొట్టే మెత్తటి బిళ్లలు), 8 నాబ్‌లు (తిప్పే మరలు), 4 ఫేడర్లు (జరిపే మీటలు), పిచ్‌కూ మాడ్యులేషన్‌కూ (శబ్దం తీరు మార్చడానికి) టచ్ స్ట్రిప్‌లు ఉన్నాయి. దాంతో వచ్చే సాఫ్ట్‌వేర్ శబ్దాలు కూడా బాగుంటాయి. చిన్నవాటిలో నా ఓటు దానికే. నోవేషన్ లాంచ్‌కీ మినీలో 16 ప్యాడ్లుంటాయి. ఏబుల్టన్ లైవ్ అనే సంగీత సాఫ్ట్‌వేర్‌తో చక్కగా కుదురుతుంది, బెండ్‌కు ఇదీ టచ్ స్ట్రిప్‌దే. అకాయ్ ఎంపీకే మినీ ఎక్కువమంది కొనేది. ప్యాడ్లు గట్టివి, డ్రమ్స్ వాయించేవాళ్లకు హాయి, కానీ దాని మూడో తరంలో (ఎంకే3) బెండ్‌కు జాయ్‌స్టిక్ ఉంటుంది. మీ అమ్మాయికి అది నేను చెప్పను. అకాయ్‌దే ఎల్‌పీకే25 చవక, చిన్నది, బెండే లేదు. చోటుంటే, బడ్జెట్ ఒక అడుగు ముందుకు వెయ్యగలిగితే, ఎం ఆడియో కీస్టేషన్ 49 చూడండి: 49 పూర్తి సైజు కీలు, రెండు నిజమైన చక్రాలు, సస్టెయిన్ పెడల్ (కీ వదిలాక కూడా స్వరం సాగేలా చేసే కాలి మీట) జాక్. ప్యాడ్లు లేవు, అవి ఆమెకు వెంటనే అవసరమూ లేదు. చదువుకునే టేబుల్ మీదే పెట్టాలంటే మాత్రం మినీల్యాబ్ మేలు. 49 కీలది మంచం మీద పరిచి వాయించాల్సి వస్తే వాడకం నెలలో ఆగిపోతుంది.

డబ్బంతా కీబోర్డుకే పెట్టకండి. తీగ ఉన్న హెడ్‌ఫోన్స్‌కు వెయ్యిన్నర, రెండువేలు పక్కన పెట్టండి. బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో ఈ పని కుదరదు: కీ నొక్కాక శబ్దం చెవికి చేరేసరికి తెలిసేంత ఆలస్యం అవుతుంది, తాళం నిలవదు. తీగవి పెట్టినా విండోస్‌లో ఆలస్యం ఉంటే ఏసియో డ్రైవర్ (శబ్దాన్ని ఆలస్యం లేకుండా పంపే ప్రోగ్రామ్) వాడాలి. ల్యాప్‌టాప్‌కు సొంతది లేకపోతే ఏసియో4ఆల్ ఉచితంగా వేసుకోవచ్చు. సెట్టింగుల్లో బఫర్ (శబ్దాన్ని బయటికి పంపేముందు ల్యాప్‌టాప్ పోగుచేసుకునే ముక్క) 512 ఉంటే 44,100 హెర్ట్జ్ దగ్గర ఆలస్యం సుమారు 11.6 మిల్లీసెకన్లు, 128 అయితే 2.9. ఇది బఫర్ ఒక్కదాని లెక్క, దీనికి మిగతా దారి ఆలస్యం కలుస్తుంది. వాయించి రికార్డు చేసేటప్పుడు 128, మిక్స్ చేసేటప్పుడు 512 పెట్టుకోవాలి. 128 దగ్గర పటపటమని చప్పుడొస్తే 256కు పెంచాలి, అంతేగానీ కీబోర్డు పాడైందనుకోకూడదు.

సాఫ్ట్‌వేర్ విషయంలో మీ ఇంట్లో ఒక ప్రత్యేకమైన జాగ్రత్త అవసరం, ఎందుకంటే ఆమె పాడుతుంది. ఎఫ్‌ఎల్ స్టూడియో చాలామంది కుర్రాళ్లు చెప్పే పేరు. అందులో అన్నిటికంటే చవకైన ఫ్రూటీ ఎడిషన్‌లో గొంతు రికార్డు చేసుకునే సౌకర్యం లేదు, ప్రొడ్యూసర్ ఎడిషన్ దాకా వెళ్లాలి. ట్రయల్‌లో ప్రాజెక్టు సేవ్ అవుతుంది గానీ కొనేదాకా మళ్లీ తెరుచుకోదు. రీపర్ అనే మరో సాఫ్ట్‌వేర్‌ను 60 రోజులు పూర్తిగా వాడి చూడొచ్చు, ఆ తర్వాత వ్యక్తిగత లైసెన్సు 60 డాలర్లు. కీబోర్డుతో వచ్చే ఏబుల్టన్ లైవ్ లైట్‌తోనైనా మొదలుపెట్టవచ్చు. శబ్దాలకు వైటల్, సర్జ్ ఎక్స్‌టీ అనే సాఫ్ట్‌వేర్ వాయిద్యాలు ఉచితం. దొంగ కాపీ సాఫ్ట్‌వేర్ ఇంట్లోకి రానివ్వకండి: దాంతోపాటు వైరస్ రావడం మామూలే, పైగా రేపు ఎవరికైనా పని చేసిపెట్టినప్పుడు అది ఆమె మెడకు చుట్టుకుంటుంది.

కలిపాక శబ్దం రాకపోతే చూడాల్సిన వరుస ఇది. కీబోర్డులో లైటు వెలిగి, సాఫ్ట్‌వేర్‌కు కనబడకపోతే ముందు తీగ మార్చండి. ఫోన్ చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే తీగల్లో డేటా వైర్లు ఉండవు. తర్వాత సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో మిడీ ఇన్‌పుట్ దగ్గర దాని పేరు ఆన్ చేశారో లేదో చూడాలి. విండోస్‌లో చాలాసార్లు ఒక మిడీ పోర్టును ఒక్క ప్రోగ్రామే పట్టుకుంటుంది. బ్రౌజర్‌లో బ్యాండ్‌ల్యాబ్ తెరిచి ఉంటే రీపర్‌కు కీబోర్డు దొరక్కపోవచ్చు. ఆఖరున ట్రాక్‌ను ఆర్మ్ చేసి (రికార్డుకు సిద్ధం చేసి), దాని మీద వాయిద్యం పెట్టారా అన్నది. సస్టెయిన్ పెడల్ తిరగేసి పనిచేస్తుంటే, నొక్కినప్పుడు ఆగి వదిలినప్పుడు సాగుతుంటే, పెడల్ పెట్టాకే కీబోర్డు ఆన్ చేయాలి, చాలా మోడళ్లు ఆన్ అయ్యే క్షణంలో పెడల్ దిశ గుర్తిస్తాయి. యూఎస్‌బీ హబ్ వాడితే, కరెంటు చాలక మధ్యమధ్య పోతుంటే, నేరుగా ల్యాప్‌టాప్‌కే కలపండి.

దుమ్ము విషయం ఎవరూ చెప్పరు. ప్రతి కీ కింద రెండు కాంటాక్టులుంటాయి. మొదటిది, రెండోది తగిలే మధ్య సమయాన్ని బట్టే ఎంత గట్టిగా నొక్కారో లెక్క తేలుతుంది, 1 నుంచి 127 దాకా. అక్కడ దుమ్ము చేరితే మెల్లగా నొక్కినా ఉన్నట్టుండి 127 పడి చెవులు పగులుతాయి, లేదా కీ అసలు పలకదు. వాడకం అయ్యాక ఒక గుడ్డ కప్పడం, మే నెలలో కారులో వదిలేయకపోవడం, ఈ రెండు పాటిస్తే చాలు.

వాడినది కొనాలనుకుంటే అమ్మేవాళ్ల దగ్గరే ల్యాప్‌టాప్‌కు కలిపించి, ఒక్కో కీని మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా మూడుసార్లు నొక్కి తెరమీది అంకెలు చూడండి. యూఎస్‌బీ పోర్టు దగ్గర తీగ కొంచెం కదిపితే కనెక్షన్ పోతుంటే వదిలేయండి. కీబోర్డుతో వచ్చిన సాఫ్ట్‌వేర్ మొదటి యజమాని పేర నమోదయ్యి ఉంటే మీకు రాకపోవచ్చు. ఆ విలువ ధరలోంచి తీసేసి బేరం చేయండి.

ఇంజనీరింగ్ భయం గురించి. కీబోర్డు కొనడం కెరీర్ నిర్ణయం కాదు, దాన్ని ఇంట్లో అలా మాట్లాడకపోవడమే మంచిది. ఎంపీసీ వృథా అవుతుందన్నది కూడా పొరపాటే: పుణెలోని సినిమా శిక్షణ సంస్థ ఎఫ్‌టీఐఐ సౌండ్ రికార్డింగ్, సౌండ్ డిజైన్ పీజీ కోర్సుకు ఏ డిగ్రీ అయినా సరే, ఇంటర్‌లో ఫిజిక్స్ చదివి ఉండాలి. అంటే బీటెక్ పూర్తిచేసి కూడా ఆ దారికి వెళ్లొచ్చు. చెన్నైలో ఏఆర్ రెహమాన్ 2008లో మొదలుపెట్టిన కేఎం మ్యూజిక్ కన్జర్వేటరీ ఉంది. ఫీజులు, హాస్టల్ ఖర్చు చూసుకుని ఆలోచించాలి. శాస్త్రీయ పునాది ఆపకుండా ఉండాలంటే మీకు దగ్గరలోనే దుర్గాపురంలో ఘంటసాల వెంకటేశ్వరరావు ప్రభుత్వ సంగీత కళాశాల ఉంది. సర్టిఫికెట్, డిప్లొమా తరగతుల వేళలు, ప్రవేశం వివరాలు కళాశాలలో అడిగి తెలుసుకోండి. ఏడాదిలో ఆమె దగ్గర పూర్తయిన ట్యూన్లు ఎన్ని ఉన్నాయో చూసి, అప్పుడు ఏ కోర్సన్నది కూర్చుని మాట్లాడుకోండి. సగంలో ఆగినవి ఎన్నున్నా లెక్కలోకి తీసుకోకండి. పబ్లిక్ పరీక్షలు దగ్గర్లో ఉంటే కొనుగోలు ఆ తర్వాతికి వాయిదా వేయండి. బ్యాండ్‌ల్యాబ్ పరీక్ష మాత్రం ఇప్పుడే, ఆదివారాలు గంటసేపు, మొదలుపెట్టించవచ్చు.